నాబ్ తిప్పితే మారాల్సింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే

సైన్ వేవ్, అంటే నున్నగా ఎగిసి దిగే సిగ్నల్, పుట్టించడం పెద్ద విద్యేమీ కాదు. ఒక ట్రాన్సిస్టర్, మూడు కెపాసిటర్లు, గుప్పెడు రెసిస్టర్లు ఉంటే వచ్చేస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చడమూ అంతే. 555 అనే టైమర్ చిప్‌కి ఒక పాట్ (నాబ్‌తో విలువ మార్చే రెసిస్టర్) తగిలించిన ప్రతివాళ్లూ ఆ పని చేసినవాళ్లే, కాకపోతే అక్కడ వచ్చేది స్క్వేర్ వేవ్. ఈ రెండూ ఒకే సర్క్యూట్‌లో కలిసి కావాలన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. "ఫ్రీక్వెన్సీ మార్చుకోగలిగే సైన్ వేవ్ ఆసిలేటర్ కావాలి, సింపుల్‌గా ఉండాలి" అని అడిగి చూడండి. నలుగురు నాలుగు సర్క్యూట్లు చూపిస్తారు. నలుగురూ చెప్పే కారణం మాత్రం ఒకటే: ఇందులో పార్టులు తక్కువ.

పార్టులు లెక్కపెట్టి ఆసిలేటర్‌ని ఎంచుకోకూడదని నా వాదన. నేను పెట్టే పరీక్ష వేరు. ఫ్రీక్వెన్సీ నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాలి. మధ్యలో సిగ్నల్ చచ్చిపోకూడదు. ఎత్తు మారకూడదు. వేవ్ తల నలగకూడదు. బోర్డు మీద ఇంకో ప్రీసెట్‌ని స్క్రూడ్రైవర్‌తో సర్దాల్సిన అవసరం రాకూడదు. ఈ పరీక్షలో నెగ్గిన సర్క్యూట్‌లో ఇరవై పార్టులు ఎక్కువున్నా నాకు అదే సులువైనది. ఆ ఇరవై పార్టులకి టంకం వేసేది ఒక్కసారే. నాబ్ మాత్రం రోజూ తిప్పుతాం.

నాకు ఆడియో ఆంప్లిఫైయర్లు విప్పి చూసే అలవాటు ఉంది కాబట్టి, ఇక్కడ 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు పనికొచ్చే ఆసిలేటర్ గురించే మాట్లాడుతున్నాను. రేడియో ఫ్రీక్వెన్సీల కథ వేరు, దాన్ని మధ్యలో ఒక పేరాలో తేల్చేస్తాను.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఆసిలేటర్ అంటే తన అవుట్‌పుట్‌ని తనే మళ్లీ ఇన్‌పుట్‌గా తీసుకునే ఆంప్లిఫైయర్. సిగ్నల్ లూప్ మొత్తం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఫేజ్ (వేవ్ తన సైకిల్‌లో ఉన్న చోటు) సరిగ్గా మొదటికి రావాలి, ఎత్తు కూడా సరిగ్గా మొదటంతే ఉండాలి. 1921లో బార్క్‌హౌజెన్ చెప్పిన షరతు ఇదే. ఫేజ్ విషయంలో ఇబ్బంది లేదు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఫేజ్ కుదిరితే సర్క్యూట్ అక్కడికే వెళ్లి కూర్చుంటుంది. బాధంతా ఎత్తుతోనే. లూప్ గెయిన్, అంటే ఒక చుట్టులో సిగ్నల్ ఎన్ని రెట్లు అవుతుందో ఆ అంకె, 0.99 అయితే సిగ్నల్ కాసేపటికి సన్నగిల్లి ఆగిపోతుంది. 1.01 అయితే పెరిగి పెరిగి సప్లై వోల్టేజీకి తల కొట్టుకుంటుంది, సైన్ కాస్తా నెత్తి చదునైన దిబ్బ అవుతుంది. సరిగ్గా 1 దగ్గర నిలబెట్టగల రెసిస్టర్ ప్రపంచంలో ఎక్కడా దొరకదు. అంటే సిగ్నల్ ఎత్తుని గమనిస్తూ గెయిన్‌ని సర్దే ఏర్పాటు ఏదో ఒకటి సర్క్యూట్‌లో ఉండి తీరాలి. చాలా చిన్న సర్క్యూట్లలో ఆ పని ట్రాన్సిస్టర్ క్లిప్పింగే, అంటే వేవ్ తల తెగడమే, చేసిపెడుతుంది. దాన్ని ఏర్పాటు అనడానికి నాకు మనసొప్పదు.

ఫ్రీక్వెన్సీ ఒకటే అయితే ఈ గొడవని ఒక ప్రీసెట్‌తో సర్దేసి మర్చిపోవచ్చు. ఫ్రీక్వెన్సీ మారే సర్క్యూట్‌లో నాబ్ కదిలిన ప్రతిసారీ గెయిన్ షరతు కూడా కొంచెం కదులుతుంది. ఎంత కదులుతుంది, దాన్ని ఎవరు సర్దుతారు అన్నదాని మీదే సర్క్యూట్ మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి.

ఈ లెక్కన చూస్తే అందరూ మొదట చూపించే ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. ఒక ట్రాన్సిస్టర్, మూడు ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) జతలు. ఆ మూడు జతల్లో సిగ్నల్ 29వ వంతుకి పడిపోతుంది, కాబట్టి ఆంప్లిఫైయర్ గెయిన్ కనీసం 29 ఉండాలి. మూడు జతలూ సమానంగా ఉన్నప్పటి మాట ఇది. ఫ్రీక్వెన్సీ మార్చాలంటే మూడు రెసిస్టర్లూ కలిసి మారాలి, అంటే ఒకే ఇరుసు మీద మూడు పాట్లు ఉండాలి. అది దొరకడమే కష్టం, మూడూ సమానంగా నడవడం ఇంకా కష్టం. ఒక్క రెసిస్టర్‌నే మారిస్తే ఫ్రీక్వెన్సీ కొద్దిగా కదులుతుంది, కావలసిన గెయిన్ కూడా దానితోపాటే కదులుతుంది. కొంతదూరం వెళ్లాక మూగబోతుంది. మోర్స్ కోడ్ సాధనకి బీప్ కావాలన్నా, గిటార్ ట్రెమొలోకి నెమ్మదైన ఊపు కావాలన్నా ఇది చాలు. ట్విన్-టీ సర్క్యూట్‌కీ ఇదే జబ్బు, అక్కడా మూడు పార్టులు కలిసి కదలాలి. ఈ రెండిటినీ పక్కన పెట్టేద్దాం.

కాయిల్, కెపాసిటర్‌తో నడిచే ఎల్‌సీ సర్క్యూట్లు, అంటే హార్ట్‌లీ, కోల్‌పిట్స్ వగైరా, రేడియోలో రాజులు. ఆడియోలో వాటికి రెండు అడ్డంకులు ఉన్నాయి. 100 నానోఫారడ్ కెపాసిటర్‌తో 1 కిలోహెర్ట్జ్ కావాలంటే సుమారు 253 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి, అది పెద్దది, బరువైనది, దగ్గర్లో ఉన్న ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ హమ్‌నీ లాక్కుంటుంది. రెండోది, ఫ్రీక్వెన్సీ కెపాసిటెన్స్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. కెపాసిటర్‌ని పది రెట్లు మారిస్తే ఫ్రీక్వెన్సీ మూడు రెట్లకి కాస్త ఎక్కువ మారుతుంది, అంతే. ఆర్‌సీ సర్క్యూట్‌లో పదికి పది వస్తుంది.

ఈ పదికి పదే వీన్ బ్రిడ్జికి పేరు తెచ్చింది. మాక్స్ వీన్ 1891లో ఆ బ్రిడ్జిని తయారుచేసింది కొలతల కోసం, ఆసిలేటర్ కోసం కాదు. దాన్ని చుట్టూ ఉన్నవాళ్లంతా కొనుక్కునే ఆసిలేటర్‌గా మార్చినవాడు విలియం హ్యూలెట్. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన 1939 నాటి థీసిస్ ఈ సర్క్యూట్ మీదే. హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ మొదటి ఉత్పత్తి 200ఏ ఆ ఆసిలేటరే. దాని తర్వాతి మోడల్ 200బీని వాల్ట్ డిస్నీ స్టూడియో ఎనిమిది కొన్నది. హ్యూలెట్ చేసిన తెలివైన పని ఏమిటంటే, గెయిన్‌ని సర్దడానికి ఒక చిన్న ఫిలమెంట్ బల్బుని వాడడం. చల్లగా ఉన్న ఫిలమెంట్ రెసిస్టెన్స్ తక్కువ, వేడెక్కితే పెరుగుతుంది. దాన్ని నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌లో గ్రౌండ్ వైపు పెడితే, సిగ్నల్ పెరిగినకొద్దీ బల్బు రెసిస్టెన్స్ పెరిగి గెయిన్ తగ్గుతుంది. సిగ్నల్ తగ్గితే బల్బు చల్లబడి గెయిన్ పెరుగుతుంది. ఒక్క పార్టుతో ఎత్తు కుదిరిపోతుంది. అప్పటి వాల్వుల లోకంలో ఇంతకన్నా అందమైన పరిష్కారం ఊహించలేం.

అయితే ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే వివరం ఒకటుంది. హ్యూలెట్ ఫ్రీక్వెన్సీని మార్చింది పాట్‌తో కాదు, రేడియోల్లో ఉండే గాంగ్ కెపాసిటర్‌తో. లోహపు రేకుల మధ్య గాలి ఉండే ఆ కెపాసిటర్‌లో అన్ని భాగాలూ చాలా దగ్గరగా కలిసి నడుస్తాయి. ఇప్పుడు మనం అదే సర్క్యూట్‌ని స్టీరియో వాల్యూమ్ పాట్‌తో కడుతున్నాం. సమస్య అక్కడ మొదలవుతుంది.

వీన్ నెట్‌వర్క్‌లో ఒక రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్‌లోనూ, ఇంకో జత ప్యారలెల్‌లోనూ ఉంటాయి. అన్నీ సమానమైతే సిగ్నల్ మూడో వంతు అవుతుంది, ఆంప్లిఫైయర్ గెయిన్ 3 కావాలి. ఫేజ్ షిఫ్ట్ సర్క్యూట్ అడిగే 29తో పోలిస్తే ఇది ఏ పాటి? కానీ కెపాసిటర్లు సమానంగా ఉన్నప్పుడు అసలు షరతు ఇది: 2కి రెండు రెసిస్టర్ల నిష్పత్తిని కలిపితే వచ్చేదే కావలసిన గెయిన్. పాట్ రెండు భాగాల మధ్య పది శాతం తేడా ఉందనుకోండి, మామూలు కార్బన్ పాట్లలో ఇది వింతేమీ కాదు, అప్పుడు 3 బదులు 3.1 కావాలి. సిగ్నల్ ఆగిపోకుండా ఉండాలని గెయిన్‌ని 3.15 దగ్గర పెడతాం. నాబ్ తిరుగుతూ రెండు భాగాలూ బాగా కలిసిన చోటికి వచ్చేసరికి గెయిన్ ఐదు శాతం ఎక్కువ అయిపోతుంది. ఆ ఎక్కువైనదాన్ని ఎవరో ఒకరు నొక్కిపట్టాలి. డయోడ్లు పట్టుకుంటే వేవ్ తల నలుగుతుంది. డయోడ్లతో కట్టిన వీన్ బ్రిడ్జిలో డిస్టార్షన్ (వేవ్ ఆకారం చెడడం) ఒక శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఎందుకు ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. సైన్ నాణ్యతని పాడుచేసేది డయోడ్ అనుకుంటాం. దానికి అంత పని పెట్టింది పాట్.

బల్బు అయితే ఈ తేడాలన్నీ మింగేస్తుంది, వేవ్ ఆకారం చెక్కుచెదరదు. మంచి బల్బు, మంచి ఆప్-ఆంప్ (ఆంప్లిఫైయర్ చిప్) ఉంటే డిస్టార్షన్‌ని 0.1 శాతం కంటే చాలా కిందికి తేవచ్చు. కానీ బల్బుకి వేడెక్కడానికి, చల్లబడడానికి సమయం పడుతుంది. నాబ్ తిప్పినప్పుడల్లా సిగ్నల్ ఎత్తు పైకీ కిందికీ ఊగి, ఆ తర్వాత కుదురుకుంటుంది. ఆసిలోస్కోప్ మీద చూస్తే తెర మొత్తం ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. ఇంకోపక్క 20 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఫిలమెంట్ ఒక్కో సైకిల్‌లోనే వేడెక్కి చల్లబడడం మొదలుపెడుతుంది, గెయిన్ వేవ్‌తోపాటే ఊగుతుంది, మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న కల్తీ) తలెత్తుతుంది. బల్బు బదులు జెఫెట్ అనే ట్రాన్సిస్టర్‌ని వాడి, ఎత్తుని రెక్టిఫై చేసి గేట్‌కి ఇచ్చినా తప్పించుకోలేం. ఫిల్టర్ కెపాసిటర్ పెద్దదైతే కుదురుకోవడానికి ఆలస్యం, చిన్నదైతే కింది ఫ్రీక్వెన్సీల్లో డిస్టార్షన్. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా చిన్న కరెంటుతో పనిచేసే సరైన ఫిలమెంట్ బల్బు వెతుక్కోవడమే ఇప్పుడు ఒక పని.

స్కేలు సంగతి కూడా చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 100 కిలోఓమ్‌ల డ్యూయల్ పాట్‌కి సిరీస్‌లో 6.8 కిలోఓమ్‌లు, 1 నానోఫారడ్ కెపాసిటర్లు పెడితే ఫ్రీక్వెన్సీ 1,490 హెర్ట్జ్ నుంచి 23.4 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. కాగితం మీద అద్భుతం. కానీ లీనియర్ పాట్‌ని సగం తిప్పితే ఎక్కడుంటాం? 2,800 దగ్గర. చివరి పదో వంతు తిప్పుడులో 9.5 నుంచి 23.4 కిలోహెర్ట్జ్ దాకా ఇరుక్కుని ఉంటుంది. 15 కిలోహెర్ట్జ్ పెట్టాలంటే ఊపిరి బిగబట్టి గోటితో నాబ్‌ని నెట్టాలి. లాగ్ పాట్‌ని తిరగేసి వాడితే కొంత నయం, కానీ లాగ్ పాట్లలో రెండు భాగాల తేడా లీనియర్ పాట్ల కంటే ఇంకా ఎక్కువ. ఒక జబ్బు తగ్గించుకోబోయి ఇంకోటి పెంచుకున్నట్టే.

ఆప్-ఆంప్ ఎంపిక కూడా ఇక్కడ చిన్న విషయం కాదు. పాత ఆప్-ఆంప్ 741 అంటే నాకు గౌరవమే, పాఠ్యపుస్తకాల్లో అది ఉండాల్సిందే. కానీ దాని గెయిన్-బ్యాండ్‌విడ్త్ (గెయిన్‌ని ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చే హద్దు) సుమారు 1 మెగాహెర్ట్జ్. గెయిన్ 3 దగ్గర 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కి అది మూడు డిగ్రీలకు పైగా ఫేజ్ ఆలస్యం కలుపుతుంది. వీన్ నెట్‌వర్క్ ఫేజ్ వాలు చాలా మెల్లనిది కాబట్టి ఆ మూడు డిగ్రీలని భర్తీ చేయడానికి ఫ్రీక్వెన్సీ దాదాపు 9 శాతం కిందికి జారాలి. దానికి తోడు మైక్రోసెకనుకి 0.5 వోల్టుల వేగమే ఉన్నందువల్ల 10 వోల్టుల పీక్‌తో 8 కిలోహెర్ట్జ్ దాటితే సైన్ ముక్కోణంగా మారడం మొదలవుతుంది. ఎన్‌ఈ5532 లాంటి 10 మెగాహెర్ట్జ్ ఆప్-ఆంప్ పెడితే ఆ 9 శాతం కాస్తా ఒక శాతం లోపుకి వస్తుంది. ఎల్‌ఎం358ని మాత్రం సైన్ వేవ్ పనికి పెట్టొద్దు. సున్నా దాటే చోట దాని అవుట్‌పుట్‌కి మెట్టు పడుతుంది.

ఇంత చెప్పాక నేను ఏది కడతాను? స్టేట్ వేరియబుల్ ఆసిలేటర్. రెండు ఇంటిగ్రేటర్లు (సిగ్నల్‌ని కాలంతోపాటు కూడుతూ పోయేవి), ఒక ఇన్వర్టర్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) వలయంగా కూర్చుంటాయి. బయటికి ఇవ్వడానికి ఇంకో ఆప్-ఆంప్. మొత్తం నాలుగు, అంటే ఒక్కోదానిలో రెండేసి ఆప్-ఆంప్‌లుండే ఎన్‌ఈ5532లు రెండు. వీన్ బ్రిడ్జి ఒక్క ఆప్-ఆంప్‌తో అయిపోతుంటే దీనికి నాలుగా అని కొందరు మొహం చిట్లిస్తారు. పార్టుల లెక్కే కొలత అయితే వాళ్లదే రైటు.

దీని గొప్పతనం ఒక్క మాటలో ఉంది: ఇందులో ఆసిలేషన్ నిలబడే షరతుకీ, పాట్ రెండు భాగాలు కలిసి నడవడానికీ సంబంధం లేదు. రెండు ఇంటిగ్రేటర్లలో తేడా ఉంటే ఫ్రీక్వెన్సీ ఆ రెండిటి సగటు దగ్గర ఉంటుంది. నిజానికి అది గుణోత్తర సగటు, కానీ నాబ్ దగ్గర కూర్చున్నవాళ్లకి తేడా తెలియదు. పది శాతం తేడాకి ఒక అవుట్‌పుట్ ఎత్తు ఇంకోదానితో పోలిస్తే సుమారు ఐదు శాతం మారుతుంది, డెసిబెల్‌లో అర కంటే తక్కువ. సిగ్నల్ చచ్చిపోదు, గెయిన్‌ని ముందుజాగ్రత్తగా పెంచి పెట్టుకోనక్కర్లేదు. వీన్ బ్రిడ్జిలో పెనుసమస్య అయిన పాట్ ఇక్కడ చిన్న అసౌకర్యంగా మిగులుతుంది.

ఎత్తుని నిలబెట్టడానికి బల్బు కూడా అక్కర్లేదు. మొదటి ఇంటిగ్రేటర్ అవుట్‌పుట్‌ని రెండు దారుల్లో ఇన్వర్టర్‌కి వెనక్కి పంపాలి. ఒక దారి నేరుగా, సర్క్యూట్‌ని మందగింపజేసే దిశలో. రెండో దారి ఎదురెదురుగా కట్టిన రెండు డయోడ్ల మీదుగా, సర్క్యూట్‌ని ఉసిగొలిపే దిశలో. డయోడ్లు దాటిన సిగ్నల్ 0.6 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, ఎంత ఉసిగొలిపినా అంతే. మందగింపు మాత్రం సిగ్నల్ పెరిగినకొద్దీ పెరుగుతుంది. ఈ రెండూ సమానమయ్యే ఎత్తు ఒక్కటే ఉంటుంది, సర్క్యూట్ అక్కడ స్థిరపడుతుంది. ఇందులో వేడెక్కాల్సింది లేదు, నిండాల్సిన పెద్ద కెపాసిటర్ లేదు. నాబ్ తిప్పితే కొద్ది సైకిళ్లలోనే కుదురుకుంటుంది, 20 హెర్ట్జ్ దగ్గర కూడా.

డయోడ్లంటే డిస్టార్షన్ కదా అంటే, నిజమే. డయోడ్ల దగ్గర సిగ్నల్ దాదాపు స్క్వేర్ వేవ్‌లా ఉంటుంది, అందులో మూడో హార్మోనిక్ మూడో వంతు. కానీ వీన్ బ్రిడ్జిలోలా ఆ మురికి నేరుగా బయటికి రాదు. రెండు ఇంటిగ్రేటర్లు దాటి చివరి అవుట్‌పుట్‌కి వచ్చేసరికి మూడో హార్మోనిక్ ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. డయోడ్ల దారిలో వచ్చేది అసలు సిగ్నల్‌లో పదో వంతు మాత్రమే ఉండేలా రెసిస్టర్లు పెడితే, మూడో హార్మోనిక్ 0.4 శాతం దగ్గర తేలుతుంది. ఇరవయ్యో వంతు పెడితే 0.2. అయితే అత్యాశకి పోకూడదు. ఆ వంతు మరీ చిన్నదైతే, పై ఫ్రీక్వెన్సీల్లో ఆప్-ఆంప్ ఆలస్యమే సర్క్యూట్‌ని ఉసిగొల్పడం మొదలుపెట్టి ఎత్తు పెరిగిపోతుంది. ఒకే చిప్‌లో నాలుగు ఆప్-ఆంప్‌లుండే 3 మెగాహెర్ట్జ్ టీఎల్074తో, పదో వంతు దగ్గర కూడా, 20 కిలోహెర్ట్జ్‌లో ఎత్తు మూడో వంతుకు పైగా పెరిగే లెక్క వస్తుంది. ఎన్‌ఈ5532తో అదే పది శాతం లోపు. ఒక్క చిప్‌తో సరిపెట్టుకోవాలనే ఆశతో చాలామంది టీఎల్074 దగ్గరే ఆగుతారు. 5 కిలోహెర్ట్జ్ దాకా చాలనుకుంటే అది తప్పేమీ కాదు.

ఇక నాబ్ స్కేలు. ఈ సర్క్యూట్‌లో పాట్‌ని మారే రెసిస్టర్‌లా కాకుండా, ఇంటిగ్రేటర్ ముందు వోల్టేజ్ డివైడర్‌లా పెట్టుకోవచ్చు. అప్పుడు ఫ్రీక్వెన్సీ నాబ్ కోణంతో నేరుగా పెరుగుతుంది, చివర్లో ఇరుకు ఉండదు. 10 కిలోఓమ్‌ల లీనియర్ డ్యూయల్ పాట్, ఒక్కో భాగం కింద 1 కిలోఓమ్, ఇంటిగ్రేటర్ రెసిస్టర్ 33 కిలోఓమ్‌లు. కెపాసిటర్లు 220 పికోఫారడ్‌లు అయితే 2 నుంచి 21.9 కిలోహెర్ట్జ్. 2.2 నానోఫారడ్‌లు అయితే 200 నుంచి 2,190 హెర్ట్జ్. 22 నానోఫారడ్‌లు అయితే 20 నుంచి 219 హెర్ట్జ్. మూడు రేంజిలు, ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కుతూ, మధ్యలో ఖాళీ లేకుండా. మధ్య భాగంలో పాట్ మీద 33 కిలోఓమ్‌ల లోడు వల్ల ఫ్రీక్వెన్సీ ఎనిమిది శాతం దాకా తగ్గి చూపిస్తుంది. స్కేలు మీద గీతలు గీసేటప్పుడు ఫ్రీక్వెన్సీ కౌంటర్ చూసి గీసుకుంటే అది అక్కడితో సరి. డయోడ్ వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది కాబట్టి గది పది డిగ్రీలు వేడెక్కితే అవుట్‌పుట్ మూడు శాతం పడుతుంది. ఆంప్లిఫైయర్ పరీక్షకి ఇది లెక్కలోకి రాదు, ఏసీ మీటర్‌ని కాలిబ్రేట్ చేసేవాళ్లకి వస్తుంది.

నా పరీక్షలో నన్నే ఇరుకున పెట్టే సర్క్యూట్ ఒకటుందని ఒప్పుకోవాలి. అది ఫంక్షన్ జనరేటర్. ముందు ముక్కోణపు వేవ్ పుట్టించి, దాని మొనలని వంచి సైన్‌గా మారుస్తుంది. ఎక్స్‌ఆర్2206 అనే ఫంక్షన్ జనరేటర్ చిప్‌లో ఒకే ఒక్క రెసిస్టర్ మారిస్తే చాలు, డ్యూయల్ పాట్ గొడవే లేదు. ఎత్తుని నిర్ణయించేది కంపారేటర్ హద్దులు కాబట్టి ఫ్రీక్వెన్సీ ఎంత మారినా ఎత్తు కదలదు, కుదురుకోవడానికి సమయం అసలే పట్టదు. నాబ్ ఒక్కటే కొలత అయితే ఇదే గెలవాలి. ఓడిపోయేది ఆకారంలో. ముక్కోణంలో డిస్టార్షన్ 12 శాతం. దాన్ని జాగ్రత్తగా వంచితే అర శాతానికి తేవచ్చు, ఆ వంపుని సర్దకుండా వదిలేస్తే రెండు మూడు శాతం ఉంటుంది, పైగా మొన దగ్గర చిన్న ముల్లు మిగులుతుంది. స్పీకర్ ఎక్కడ గరగరలాడుతుందో వెతకడానికి, ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కోస్తుందో చూడడానికి, ఆగిపోయిన ఆంప్లిఫైయర్‌లో సిగ్నల్ ఎక్కడిదాకా వస్తోందో చూడడానికి ఇది పుష్కలంగా చాలు. ఐసీఎల్8038, మాక్స్038 లాంటివి మాత్రం ఉత్పత్తి ఆగిపోయిన చిప్‌లు. కొత్తగా కట్టేవాళ్లకి వాటి చుట్టూ డిజైన్ చేసుకోమని నేను చెప్పను.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. ఏడీ9833 లాంటి డీడీఎస్ చిప్ (అంకెల లెక్కతో సైన్ పుట్టించేది) ఉండగా ఈ పాట్ల బాధ ఎందుకు? 25 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో అది 0.1 హెర్ట్జ్ మెట్లలో కదులుతుంది, క్రిస్టల్ అంత ఖచ్చితంగా. ఆడియోలో ఎత్తు మారదు, ఊగదు. ఫ్రీక్వెన్సీ ఖచ్చితంగా తెలియాలనుకునేవాళ్లకి నా సమాధానం కూడా డీడీఎస్సే, ఇందులో వాదన లేదు. కానీ దాన్ని ఒక్క చిప్ సర్క్యూట్ అనడం న్యాయం కాదు. మైక్రోకంట్రోలర్ కావాలి, దానికి ప్రోగ్రాం కావాలి, నాబ్ బదులు ఎన్‌కోడర్, ఒక తెర, వచ్చే 0.6 వోల్టుల సిగ్నల్‌ని పెంచడానికి ఆంప్లిఫైయర్, చివర ఒక ఫిల్టర్. పది బిట్ల డీఏసీ (అంకెలని వోల్టేజీగా మార్చే భాగం) కాబట్టి సిద్ధాంతపరంగా చూసినా నాయిస్ 62 డెసిబెల్‌ల కింద ఉంటుంది, అంటే 0.1 శాతం చుట్టుపక్కల. ఇంకొందరు, ఫోన్‌లో యాప్ పెట్టి హెడ్‌ఫోన్ జాక్ నుంచి సైన్ తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు. మంచి సౌండ్ కార్డు ఇచ్చే సైన్ నేను పైన చెప్పిన చాలా సర్క్యూట్ల కంటే శుభ్రమైనది. అది ఇవ్వలేనివి కొన్ని వోల్టుల ఎత్తు, 20 కిలోహెర్ట్జ్ దాటిన ఫ్రీక్వెన్సీలు, చేతికి తగిలే నాబ్. కంప్యూటర్‌కి తగిలిస్తే గ్రౌండ్ లూప్ హమ్ ఒకటి అదనం.

అనలాగ్‌కీ డిజిటల్‌కీ మధ్య ఒక దారి కూడా ఉంది. స్విచ్డ్ కెపాసిటర్ ఫిల్టర్ చిప్‌లు తమ కోత ఫ్రీక్వెన్సీని క్లాక్‌ని బట్టి నిర్ణయించుకుంటాయి. క్లాక్ దాదాపు వంద రెట్లు ఉంటుంది. ఒకే క్లాక్‌ని వందతో భాగించి స్క్వేర్ వేవ్ చేసి, అదే క్లాక్‌తో నడిచే ఫిల్టర్‌లోంచి పంపితే, ఫిల్టర్ సిగ్నల్‌తోపాటే కదులుతూ హార్మోనిక్‌లని కోసేస్తుంది. క్లాక్‌కి ఉన్న ఒక్క పాట్‌తో మొత్తం కదులుతుంది. ఆలోచన నాకు చాలా ఇష్టం. చిప్ దొరకడం, క్లాక్ మురికిని చివర్లో కడగడం, ఈ రెండు చోట్లే ఉత్సాహం నీరుగారుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఈ సిగ్నల్‌తో ఏం కొలుస్తాం అన్నది. ఆంప్లిఫైయర్ డిస్టార్షన్ కొలవాలంటే ఆసిలేటర్ డిస్టార్షన్ దానికంటే చాలా తక్కువ ఉండాలి. అక్కడ బల్బు పెట్టిన వీన్ బ్రిడ్జి, అదీ నాబ్ లేకుండా, 1 కిలోహెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉంటే మేలు. ఫ్రీక్వెన్సీ అంకె కావాలంటే డీడీఎస్. అటూ ఇటూ స్వీప్ చేస్తూ చెవితో, స్కోప్‌తో చూడడమే పని అయితే ఎక్స్‌ఆర్2206. ఈ మూడిటికీ మధ్యలో, రోజువారీ బెంచి మీద, ఎటు తిప్పినా నమ్మగల సైన్ కావాలంటే రెండు ఎన్‌ఈ5532ల స్టేట్ వేరియబుల్. ఎక్కువమందికి కావలసింది ఈ నాలుగోదే అని నా నమ్మకం. ఎక్కువమంది కట్టేది మాత్రం డయోడ్ల వీన్ బ్రిడ్జి.

కట్టబోయేవాళ్లకి ఒకటి రెండు పనికొచ్చే మాటలు. డ్యూయల్ పాట్‌ని బోర్డుకి వేయకముందే మల్టీమీటర్‌తో రెండు భాగాలనీ ఐదారు చోట్ల కొలిచి పక్కపక్కన రాసుకోండి. ఎక్కడైనా పదిహేను శాతం మించి తేడా ఉంటే దాన్ని వాల్యూమ్‌కి వాడుకుని ఇంకోటి తీసుకోండి. రేంజి స్విచ్‌కి వేసే కెపాసిటర్లు ఫిల్మ్ రకం అయి ఉండాలి. 220 పికోఫారడ్‌లకి మాత్రం సీ0జీ సెరామిక్ పర్వాలేదు, మామూలు ఎక్స్7ఆర్ సెరామిక్ మాత్రం వద్దు, వోల్టేజీతో దాని విలువే మారి కొత్త డిస్టార్షన్ తెస్తుంది. ఆ 220 దగ్గర స్విచ్ వైర్ల మధ్య ఉండే స్ట్రే కెపాసిటెన్స్ పది పికోఫారడ్‌లు ఉన్నా ఫ్రీక్వెన్సీ నాలుగు శాతం జారుతుంది. అందుకని పై రేంజిలో 200 పికోఫారడ్‌లు వేసి, మిగతాది చిన్న ట్రిమ్మర్‌తో సర్దుకుంటే మూడు రేంజిలకీ ఒకే స్కేలు సరిపోతుంది.